తండ్రి పేరు గడిలో అమ్మ పేరు

కోతలు అయిపోయేసరికి బడులు తెరుస్తారు. చింతలపూడి చుట్టుపక్కల మామిడి తోటల్లో కూలికెళ్లిన తల్లులు ఆ డబ్బుతోనే పిల్లలకు పుస్తకాలు కొంటారు. బడి దరఖాస్తులో తండ్రి పేరు అడిగేసరికి తలదించుకునే దేవదాసీ తల్లులు తెలుగునాట వేలల్లో ఉన్నారు. రెండు రాష్ట్రాల్లో కలిపి సుమారు 80 వేల మంది దేవదాసీలు ఉన్నారని జస్టిస్ రఘునాథరావు కమిషన్ లెక్క.

దేవదాసీని తెలంగాణలో జోగిని అంటారు, అనంతపురం, కర్నూలు వైపు బసివి, చిత్తూరులో మాతమ్మ. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే దళితవాడలో ఓ ఆడపిల్లను ఎల్లమ్మకో పోచమ్మకో మొక్కేస్తారు. ఒళ్లంతా పసుపు పూసి, కొత్త చీర చుట్టి, మెళ్లో తాళి కడతారు. పసిపిల్లకు అది పండగే. పెద్దమనిషయ్యాక పెత్తందారు గడపలోకొస్తే కాదనే వీలు ఆమెకు ఉండదు. జాతరలో ఆడాలి, శవం ముందూ ఆడాలి. పుట్టిన బిడ్డకు తండ్రెవరో ఊరందరికీ తెలుసు. కాగితం మీదకు మాత్రం ఆ పేరు రాదు.

1988లో ఉమ్మడి రాష్ట్రం దేవదాసీ నిషేధ చట్టం తెచ్చింది. అమ్మవారికి వదిలిన స్త్రీ కూడా నిక్షేపంగా పెళ్లి చేసుకోవచ్చని అందులో ఉంది. కానీ కాదంటే అమ్మవారు కన్నెర్ర చేస్తుందని ఉగ్గుపాలతో పోసిన భయం చట్టంతో పోదు. కవి జాషువా కూతురు, నాస్తికవాది గోరా కోడలు హేమలతా లవణం ఆ భయంతోనే తలపడ్డారు. భర్త లవణంతో కలిసి స్టూవర్టుపురంలో నేరస్థుల మార్పు కోసం పనిచేసిన మనిషి, నిజామాబాద్ జిల్లా వర్నిలో జోగినుల కోసం చెల్లి నిలయం పెట్టారు. అక్కడ పని నేర్పించారు, పెళ్లిళ్లు చేయించారు. దేవుణ్ణి నమ్మని ఇంటినుంచి వెళ్లినా ఆమె వాళ్ల ముందు పెట్టింది వాదన కాదు, బతుకుదెరువు.

ఆ బతుకులోంచి బయటపడాలంటే ఎల్లమ్మను వదిలెయ్యాలని జోగినికి షరతు పెట్టడం మరో పెత్తనం. మొక్కుకోవడమా మానడమా అన్నది ఆమె ఇష్టం. ఆమెకు తిరిగి దక్కాల్సింది ఆ ఇష్టమే. దానికి చేతిలో కూలి డబ్బు కావాలి, తలుపు వేసుకోగల ఇల్లు కావాలి, ఊరు ఆమెను జోగిని అని కాక సొంత పేరుతో పిలవాలి. జోగినిగా పడ్డ గాయం మానడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ ఊరు ఓపిక పట్టాలి.

పెళ్లికాని తల్లి బిడ్డకు సంరక్షకురాలు కావడానికి తండ్రి పేరు చెప్పనక్కర్లేదని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది. చింతలపూడి పంతుళ్లకూ, పంతులమ్మలకూ ఒకటే విన్నపం. ఈ జూన్‌లో ఏ తల్లయినా తన పేరు ఒక్కటే చెబితే అదే రాసుకోండి, రెండో ప్రశ్న వెయ్యకండి. ఎక్కడైనా ఆడపిల్లను అమ్మవారికి వదులుతున్నారని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి.