అగ్నిపర్వత దినము: ఇంటనే పిల్లలకొక పాఠము



సెలవుదినములు పిల్లలకు పండుగ, పెద్దలకు పరీక్ష. ఒక దినమునకు ఒక విషయమును తీసికొని, ఆటయు పాఠమును కలిపి యింటనే జరిపినచో ఆ పరీక్ష తేలికగా గడచును. అట్టి యొక దినమును గూర్చి నేడు ముచ్చటింపదలచినాను. విషయము అగ్నిపర్వతము, స్థలము టేకులపల్లి.

టేకులపల్లిలో అగ్నిపర్వత మెక్కడిదని మీరు నవ్వవచ్చును. నిజమే. ఇల్లెందునకును కొత్తగూడెమునకును నడుమ అడవియంచున నున్న యా సీమలో అగ్నిపర్వతము లేదు. కాని అచ్చటి బాలునకు కలుగు సందేహము పట్టణపు బాలునకు కలుగదు. వాని యూరి చెంతనే కోయగూడెము గనిలో భూగర్భమునుండి బొగ్గు వెలికి వచ్చుచున్నది. భద్రాచలము చేరువ గుండాలయొద్ద గోదావరి యొడ్డున ఇసుక త్రవ్వినచో వేడినీరూరును. మణుగూరు దగ్గరి పగిడేరులో బోరుబావినుండి వేడినీరు తనంతట తానే పైకుబుకును. ఈ మాటలు విన్న బాలుడు “అమ్మా, మన యింటి క్రింద నిప్పున్నదా? మన గుట్ట యెప్పుడైన పగులునా?” అని యడిగినచో మన మేమి చెప్పుదుము? “ఉన్నది” అన్న నా రాత్రి వానికి నిద్రపట్టదు. “వట్టిమాట, పొమ్ము” అన్న మరునాడు వాడు ప్రశ్న వేయుట మానును. ఈ రెండు నష్టములును లేకుండ నిజమైన యుత్తరము నిచ్చుటయే ఈ దినము చేయవలసిన పని.

ఉదయమున మొదట మనము మాటలాడరాదు. పిల్లలచేత అగ్నిపర్వతము బొమ్మను వారికి తోచినట్లు వ్రాయింపుడు. పెక్కుమంది కొండ కొనను మంటయు పొగయు వేయుదురు. ఆ కాగితములను దాచియుంచుడు. సాయంకాలము వానితో పనియున్నది.

తరువాత పెరటిలో పుట్టమన్ను తడిపి, చిన్న సీసా చుట్టును కొండవలె మెత్తింపుడు. సీసాలో రెండు చెంచాల వంటసోడా వేసి, కొంచెము పసుపో కుంకుమయో కలిపి, నిమ్మరసము పోసినచో నురుగు పొంగి కొండమీదుగా దిగును. పిల్లలు కేరింతలు కొట్టుదురు. రసము కంటబడకుండ చూడుడు. నిజమైన నిప్పు కావలెనని కిరసనాయిలును, అగ్గిపెట్టెను, టపాకాయల మందును దరిజేరనీయకుడు.

పెక్కిండ్లలో పాఠమిచ్చటనే ముగియును. అది పొరపాటు. పులుపును సోడాయు కలిసినందున అగ్నిపర్వతము పేలదని చెప్పనిచో మనము నేర్పినది అబద్ధమగును. అందుకొక గోలీసోడా తెప్పింపుడు. మూసియున్నంతసేపు అందలి వాయువు నీటిలో కరగి కంటికి కానరాదు. గోలీ నొక్కగానే ఒత్తిడి తగ్గి, వాయువు బుడగలై నీటిని వెంటబెట్టుకొని పైకి చిమ్మును. కరగిన రాతియందును నీటియావిరియు, ఇతర వాయువులును ఇట్లే యిమిడియుండును. ఆ రాతిద్రవము పైకి వచ్చినకొలది ఒత్తిడి తగ్గి బుడగలు పుట్టును. పేలుడునకు ముఖ్యకారణ మిదియే.

మధ్యాహ్నము వంటయింట రెండవ ప్రయోగము. ఒక పళ్ళెమును ఏటవాలుగా నిలిపి, ఒకవైపు నూనెను, ఒకవైపు చిక్కని బెల్లపు పాకమును జారవిడువుడు. పాకము పొయ్యవలసినది పెద్దలే. అది మరిగిన నీటికంటె వేడియై చర్మమున కంటుకొనును. నూనె తొందరగా పారును. పాకము మెల్లగా సాగును. రాతిద్రవము పలుచనైనచో వాయువు సులువుగా తప్పించుకొని పోవును; ద్రవము ఏరువలె పారును. హవాయి దీవులలో తరచు జరుగునది యిదే. ద్రవము చిక్కనైనచో వాయువు చిక్కుపడి యొక్కమారుగా బ్రద్దలు చేయును. 1883 ఆగస్టులో సుండా జలసంధిలోని క్రాకటోవా దీవి అట్లు ప్రేలినపుడు ఆ ధ్వని సుమారు 4,800 కిలోమీటర్ల దూరమున, హిందూమహాసముద్రములోని రోడ్రిగ్స్ ద్వీపమున వినబడెను. 36,000 మందికి పైగా మరణించిరి. వారిలో అధికులను పొట్టనపెట్టుకొన్నది నిప్పు కాదు, ఆ పేలుడు లేపిన సముద్రపు టలలు.

ఇక రాళ్ళ మాట. పటికబెల్లపు పలుకులు మెల్లమెల్లగా పేరుకొనుటచే పెద్దవగును. పాకమును తటాలున చల్లార్చినచో పలుకులే కట్టవు. లోతున మెల్లగా చల్లారిన గ్రానైటు రాతిలో పలుకులు కంటికి కానవచ్చును. నేలపై త్వరగా చల్లారిన బసాల్టు నున్నగా, నల్లగా నుండును. ఆ బసాల్టు మనకు దూరమైనది కాదు. వికారాబాదు ప్రాంతమునను, రాజమహేంద్రవరము చెంత కాటేరు, పంగిడి యూళ్ళయొద్దను కలదు. సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్లనాడు పడమటి దక్కనులో నేల చీలికలుగా విచ్చి రాతిద్రవము పొరలు పొరలుగా పరచుకొనెను. గోదావరి తీరపు బసాల్టు కూడ ఆ ప్రవాహములలోనిదే యనియు, దాదాపు 1,000 కిలోమీటర్లు పారి వచ్చినదనియు శాస్త్రజ్ఞులు పెక్కురు తలచుచున్నారు. కావున అగ్నిపర్వతమునకు పర్వతమే యుండనక్కరలేదు; నేల చీలినను చాలును.

మొక్కజొన్న చేనిలో పుట్టిన కొండ కథను పిల్లలకు తప్పక చెప్పుడు. 1943 ఫిబ్రవరి 20వ తేదీన మెక్సికో దేశమున దియొనీసియో పులీదో అను రైతు తన చేనిలో నేల చీలుట కన్నులార చూచెను. ఒక్క యేడాదిలో అచట 300 మీటర్లకు మించిన కొండ లేచెను. పారికూటిన్ అను నా కొండ 1952లో చల్లారెను. మొక్కజొన్న వేయు రైతు బిడ్డ ఈ కథను ఊరక వినడు, “మన చేనిలోను అట్లు జరుగునా?” అని యడుగును. ఉదయపు ప్రశ్నయే మరల వచ్చినది. ఇప్పుడు ఉత్తరము చెప్పుటకు మనము సిద్ధముగా నున్నాము.

భూమిలో దిగినకొలది వేడి హెచ్చును. సాధారణముగా కిలోమీటరునకు 25 మొదలు 30 డిగ్రీలు. లోతైన గనిలో దిగి పనిచేసినవారు ఈ వేడి నెరుగుదురు. అంతమాత్రమున మన పాదముల క్రింద నిప్పులసముద్రము లేదు. పైపొర క్రింద వేలకొలది కిలోమీటర్ల మందమున నున్నది చాలవరకు గట్టిరాయియే. భూఫలకములు విడిపోవుచోటను, ఒకటి మరియొకదాని క్రిందికి దిగుచోటను, అట్టడుగునుండి మిక్కిలి వేడి పదార్థము లేచుచోటను మాత్రమే ఆ రాయి కొంత కరగును. గోదావరి లోయ నేడట్టి చోటు కాదు. వాననీరు నేల చీలికలలో లోతుకు దిగి, అచటి వేడికి కాగి, మరల పైకి వచ్చుటచే గుండాల నీరు వేడిగా నున్నది. పగిడేరు వేడినీటితో 20 కిలోవాట్ల విద్యుత్తును పుట్టించు ప్రయోగమును సింగరేణి సంస్థ చేపట్టినది. ఇక బొగ్గు నిప్పునుండి పుట్టినది కాదు. 25 కోట్ల యేండ్లకు పూర్వపు అడవి బురదలో పూడి నల్లబడినది. దానిని ఇల్లెందు ప్రాంతమున 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు కనుగొనగా, 1889లో త్రవ్వకము మొదలయ్యెను.

మన దేశమున మేలుకొనియున్న అగ్నిపర్వతము ఒక్కటే: అండమాను సముద్రములోని బారెన్ దీవి. నూరేండ్లకు పైగా నిద్రించి 1991లో లేచినది. అచట మనుష్యులు కాపురముండరు.

సాయంకాలము ఉదయపు బొమ్మలను తిరిగి యిచ్చి, “ఇందులో ఏమి మార్చవలెను?” అని యడుగుడు. మంటను చెరిపి కాగిన రాయిని వ్రాసినవాడును, పొగను చెరిపి ఆవిరియు బూడిదయు అని వ్రాసినదియు ఆ దినపు పాఠమును గెలిచినవారు. తప్పు దిద్దుకొనుటలోని సంతోష మంతకుమించినది. మనకు తెలియని ప్రశ్న యెవరైన వేసినచో గోడమీద వ్రాసియుంచుడు; మరుసటి సెలవునకు అదియే విషయము.

ఆ రాత్రి బిడ్డ నిర్భయముగా నిద్రపోయి, తెల్లవారి క్రొత్త ప్రశ్నతో లేచినచో మీ దినము సఫలమైనట్లే. సెలవు.