గోడ మీది పోస్టరు, నత్త ఎంజైము

గోడలకు అంటించిన పాత పోస్టర్లను తొలగించే పనిని నత్తలకు అప్పగించవచ్చునన్న ఆలోచన వినడానికి వింతగా ఉన్నా, దానికి జీవశాస్త్రంలో గట్టి ఆధారమే ఉంది. నత్త నోటిలో రాడ్యులా అనే పట్టీ ఆకారపు అవయవం ఉంటుంది. దాని మీద వేల సంఖ్యలో సూక్ష్మదంతాలు వరుసలుగా అమరి, ముందువి అరిగిపోతున్నకొద్దీ వెనుక నుంచి కొత్తవి పుట్టుకొస్తూ ఉంటాయి. ఈ పట్టీతో నత్త తన ఆహారాన్ని ఆకురాయితో రాసినట్లు గీకి తింటుంది. తడిసిన కాగితం మీద అది పాకిన చోట మొదట పైపొర లేచిపోయి, వెలుతురు కనిపించేంత పలుచని చారలు పడి, చివరకు చిల్లులు తేలుతాయి.

కాగితంలో ప్రధానంగా ఉండేది సెల్యులోజ్, అంటే మొక్కల కణాల గోడలకు బలాన్నిచ్చే పీచు పదార్థం. మనిషి దానిని అరిగించుకోలేడు. పశువులు తమ పొట్టలోని సూక్ష్మజీవుల సాయంతో అరిగించుకుంటాయి గనుకనే తెలుగు పట్టణాల్లో ఆవులూ మేకలూ పచ్చి లై వాసన పట్టి సినిమా పోస్టర్లను పీకి నమలడం నిత్యం కనిపించే దృశ్యం. నత్త జీర్ణరసంలో సెల్యులోజ్‌ను విడగొట్టే సెల్యులేజ్ అనే ఎంజైములు ఉంటాయి; వాటిలో కొన్నింటిని నత్త శరీరమే తయారుచేసుకుంటే, మరికొన్ని దాని పేగులోని బాక్టీరియా నుంచి వస్తాయి. ఐరోపాకు చెందిన హెలిక్స్ పొమాషియా అనే నత్త జీర్ణరసాన్ని ఈస్ట్ కణాల గోడలను కరిగించేందుకు ప్రయోగశాలల్లో వాడుతూ వచ్చారంటే దాని శక్తి అర్థమవుతుంది. బ్రిటన్‌లో నత్తలు తపాలా డబ్బాల్లోకి దూరి ఉత్తరాలను తినేసిన సందర్భాలు ఉన్నాయి. కాగితంలోని రంగును మాత్రం నత్త అరిగించుకోలేదు. నెదర్లాండ్స్ కళాకారిణి లీస్కె ష్రూడర్ రంగు కాగితాలను నత్తలకు మేతగా వేసి, అదే రంగులో వచ్చిన వాటి విసర్జనతో పలకలు తయారుచేసి చూపారు.

ఇంత శక్తి ఉన్న ప్రాణిని వీధిలో వదలడం మాత్రం ఎంతమాత్రం సమ్మతించదగినది కాదు. నత్తకు తేమ కావాలి, అది ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది, ఎండలు ముదిరితే గుల్లలో ముడుచుకొని మూతి మూసుకుంటుంది. కనుక వేసవిలో పోస్టరు జోలికే రాదు. మైదాను ఉడికించి చేసే లైలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే అలవాటు ఉన్నచోట దానికి మరో చిక్కు వస్తుంది, ఎందుకంటే రాగి నత్తలకు విషం. పైగా గుల్ల పెరగడానికి కాల్షియం అవసరం కాబట్టి, ఆఫ్రికా రాక్షస నత్త వంటివి కాగితంతో ఆగక గోడ పూతను కూడా గీకుతాయి. పోస్టరు పోవాలని తెచ్చిన జీవి గోడనే తినడం మొదలుపెడితే ఆ పని ఎవరికి లాభం?

అసలు భయం వ్యాప్తి గురించి. ఈ రాక్షస నత్తను 1847లో మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చి తోటలో వదలగా, అది కాలక్రమంలో దేశంలోని అనేక ప్రాంతాలకు పాకి పంటలకు పీడగా మారింది. ఈ జాతిలో ప్రతి నత్తలోనూ స్త్రీ, పురుష అవయవాలు రెండూ ఉంటాయి, ఒక్క విడతలోనే వందకు పైగా గుడ్లు పెట్టగలదు. మనిషి మెదడు పొరలకు వాపు తెచ్చే ఎలుక ఊపిరితిత్తుల పురుగును కూడా మోసుకురాగలదు. అమెరికాలోని ఫ్లోరిడాలో 1966లో ఒక బాలుడు హవాయి నుంచి తెచ్చిన మూడు నత్తలను అతని బామ్మ తోటలో వదిలితే, ఏడేళ్లలో వాటి సంతతి వేలకు చేరింది; 1975 నాటికి గాని నిర్మూలన పూర్తికాలేదు. ఈ రాక్షస నత్తకు విరుగుడుగా వేటాడే మరో నత్తను 1977లో పసిఫిక్‌లోని మూరియా దీవిలో ప్రవేశపెడితే, అది అక్కడి స్థానిక పార్టులా నత్తలనే పదేళ్లలో అడవుల నుంచి తుడిచిపెట్టింది.

అందువల్ల స్వీకరించదగినది నత్తను కాదు, దాని పని తీరును. లైలో జిగురుగా పనిచేసేది పిండి పదార్థం. దానిని విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైమును పాత గ్రంథాలను పరిరక్షించే నిపుణులు తడి పట్టీ రూపంలో కాగితానికి అద్ది, గట్టిపడిన పాత జిగురును వదిలించి, కాగితం చిరగకుండా విడదీస్తున్నారు. గోడ మీది పోస్టరు విషయంలో కూడా ఆయువుపట్టు కాగితం కాదు, దాని వెనుక ఉన్న జిగురే.