అద్దాల మేడల పక్కన రాతి అడవి

కొండాపూర్‌లో ఫ్లాట్ చూసుకునేవాళ్లు ఆఫీసు ఎంత దూరమనీ, నీళ్ల ట్యాంకర్ అవసరం పడుతుందా అనీ అడుగుతారు. వేసవిలో రాత్రి పదింటికి కూడా గోడలు కాలుతుంటాయా అని అడిగేవాళ్లు తక్కువ. పగలంతా ఎండను తాగిన కాంక్రీటు, తారు రాత్రికి ఆ వేడిని వదులుతాయి. చెట్టు మాత్రం వేళ్లతో లాగిన నీటిని ఆకుల్లోంచి ఆవిరి చేసి చుట్టూ గాలిని చల్లబరుస్తుంది. కొత్తగూడ దగ్గరి బొటానికల్ గార్డెన్‌లో పొద్దున్నే నడిచేవాళ్లకు గేటు దాటగానే ఈ తేడా ఒంటికి తెలుస్తుంది.

వేడి, గాలి, వానల సంగతులు చదివే శాస్త్రవేత్తలు మనకు ఇరుగుపొరుగే. 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో భూమి, సముద్ర, వాతావరణ శాస్త్రాల కేంద్రం ఉంది. అక్కడ ఆచార్యులుగా పనిచేసిన కారుమూరి అశోక్, అంతకుముందే 2007లో సహచరులతో కలిసి ‘ఎల్‌నినో మోడోకి’ని ప్రపంచానికి వివరించారు. మామూలు ఎల్‌నినోలో పసిఫిక్ తూర్పు భాగం వేడెక్కుతుంది. మోడోకిలో నడిమి భాగం వేడెక్కి, దానికి అటూ ఇటూ చల్లబడుతుంది. వేడి చోటు మారితే గాలుల దారీ, వానల తీరూ మారతాయి. ఎక్కడి సముద్రం, ఎక్కడి మన తొలకరి! ఆ రెంటినీ ముడివేసే చదువు ఈ రాతి నేల మీద సాగుతోందంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఆ నేల కూడా ఒక ప్రయోగశాలే. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ బండలు, వాటి మధ్య గడ్డి, ముళ్ల పొదలు, బఫెలో లేక్, పీకాక్ లేక్. ఎండుగడ్డిలో నక్షత్ర తాబేలు కదలకుండా ఉంటే రాయేమో అనుకుంటాం. వంగి చూస్తే నల్లటి డిప్ప మీద ఒక్కో బొడిపె నుంచీ పసుపు గీతలు కిరణాల్లా విచ్చుకుని ఉంటాయి. 2010లో ఈ క్యాంపస్‌లో దొరికిన ఒక సాలీడుకు శాస్త్ర నామంలోనే హైదరాబాద్ పేరు పెట్టారు.

2025 మార్చి చివర, ఈ క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వచ్చాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించేసరికే సుమారు వంద ఎకరాల పచ్చదనం పోయింది. దాన్ని ఎలా పునరుద్ధరిస్తారో చెప్పాలని కోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని అడిగింది. వరుసగా మొక్కలు నాటి నీళ్లు పోస్తే అది పార్కు అవుతుంది. ఇక్కడ ఉన్నది పొదల అడవి, గడ్డి నేల, వాన నీటిని కుంటల్లోకి దించే బండల వాలు. ఏ పొద ఎక్కడ మొలిచేదో, ఏ పిట్ట ఎక్కడ గూడు కట్టేదో ఏళ్ల తరబడి చూసి రాసుకున్న ఆచార్యులు, విద్యార్థులు గోడకు ఇవతలే ఉన్నారు. పునరుద్ధరణ ప్రణాళిక వాళ్లను కూర్చోబెట్టుకునే రాయాలి.