78 పళ్లు, 30 పళ్లు: హైబ్రిడ్ కారు గుట్టు

పెనుకొండ ఫ్యాక్టరీలో 2019లో మొదలైన కియా సెల్టోస్ 2025 డిసెంబరులో కొత్త ఒంటితో, రెండో తరం కారుగా ముందుకొచ్చింది. ఈ కారులో హైబ్రిడ్ రకం కూడా తెస్తామని కంపెనీ అంతకుముందే ప్రకటించి ఉంది. అప్పటినుంచి మా దివిసీమలో కారు కొందామనుకునేవాళ్లు రెండు జట్లయ్యారు. ఉన్న పెట్రోలు రకాన్ని ఇప్పుడే కొనేద్దామనేవాళ్లు ఒక జట్టు, హైబ్రిడ్ వచ్చేదాకా ఆగుదామనేవాళ్లు ఇంకో జట్టు. ఆగుదామనేవాళ్లను ఎందుకని అడిగితే చాలామంది దగ్గర ఒకటే జవాబు: "చార్జింగ్ పెట్టక్కర్లేదంట, మైలేజీ బాగా ఇస్తదంట!"

అవనిగడ్డ అంటే డీఎస్సీ కోచింగ్‌కి పేరు. అక్కడ నేను ఫిజిక్స్ క్లాసులో శక్తి నిత్యత్వ సూత్రం చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి ఈ మాటే పట్టుకుంది. "మాస్టారూ, చార్జింగ్ పెట్టకపోతే ఆ కరెంటు కూడా పెట్రోలు నుంచే రావాలి కదండీ. పెట్రోల్ని కరెంటు చేసి, ఆ కరెంటుతో మళ్లీ చక్రం తిప్పితే మధ్యలో కొంత పోతుంది గానీ లాభమెలా వస్తుందండీ?"

ప్రశ్నలో తప్పేమీ లేదు. ప్లగ్గు లేని హైబ్రిడ్‌లో వాడే ప్రతి యూనిట్ కరెంటూ పెట్రోలు పెట్టిన భిక్షే. శక్తిని ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చినప్పుడల్లా కొంత వేడిగా పోవలసిందే. ఈ రెండూ ఒప్పుకున్నాక కూడా మైలేజీ పెరుగుతోందంటే, మామూలు కారులో అంతకంటే పెద్ద చిల్లు ఎక్కడో ఉందన్నమాట.

ఆ చిల్లు ఇంజనులోనే ఉంది. పెట్రోలు ఇంజను తనకు నచ్చిన వేగంలో, నచ్చిన బరువు మీద నడిస్తే బాగానే పనిచేస్తుంది. కానీ మామూలు కారులో దాని ఇష్టం సాగదు. చక్రం ఎంత తిరిగితే గేర్ల లెక్కన తానూ అంతే తిరగాలి. అవనిగడ్డ సెంటర్లో ఆటోల వెనక నత్తనడక నడుస్తున్నప్పుడు ఇంజను తన సత్తాలో పిసరంత వాడుతూ, సగం మూసిన థ్రాటిల్ గుండా గాలి పీల్చుకోవడానికే అవస్థ పడుతుంది. అలాంటప్పుడు పెట్రోలులోని శక్తిలో 20 శాతం కూడా చక్రాలకు చేరదు. అదే ఇంజనుకు సరైన బరువు, సరైన వేగం దొరికితే టొయోటా కొత్త హైబ్రిడ్ ఇంజన్లు 40 శాతం దాకా రాబడతాయి. ఈ రెండింటి మధ్య తేడా ఎంత పెద్దదంటే, కరెంటుగా మార్చి మళ్లీ వాడటంలో పోయే నష్టాన్ని భరించినా ఇంకా మిగులుతుంది.

రెండో చిల్లు బ్రేకుల దగ్గర. కరకట్ట మీదుగా మన కృష్ణా జిల్లా శ్రీకాకుళం, తోట్లవల్లూరు దాటుతూ బెజవాడ వెళ్లే దారిలో ఊరు వచ్చినప్పుడల్లా స్పీడ్ బ్రేకర్, మధ్యమధ్య గేదెలు, కోతల కాలమైతే ధాన్యం ట్రాక్టర్లు. 1,400 కిలోల కారు 60 కిలోమీటర్ల వేగంలో ఉంటే దాని గతిశక్తి సుమారు 1,94,000 జౌళ్లు. బ్రేకు తొక్కి ఆపితే అదంతా డిస్కుల వేడిగా గాలిలో కలుస్తుంది. మళ్లీ ఆ వేగం అందుకోవాలంటే ఇంజను సమర్థత 28 శాతం అనుకున్నా 20 మిల్లీలీటర్లకు పైగా పెట్రోలు తగలెయ్యాలి. ఇరవై సార్లు ఆగితే 400 మిల్లీలీటర్లకు పైగా! హైబ్రిడ్‌లో బ్రేకు తొక్కగానే మోటారు జనరేటరుగా మారి ఇందులో మంచి భాగాన్ని బ్యాటరీకి పంపిస్తుంది.

బ్యాటరీ చాలా పెద్దదనుకునేవాళ్లున్నారు. టొయోటా హైరైడర్‌లో, దాని జంట మారుతి గ్రాండ్ విటారాలో ఉన్నది 0.76 యూనిట్ల బ్యాటరీ. ఇంట్లో ఒకటిన్నర టన్ను ఏసీ అరగంట నడిస్తే అయిపోయేంత. మన ఊళ్లలో మంచినీళ్ల చెరువు చేసే పనే ఇదీ చేస్తుంది. కాలవ తన వంతు ప్రకారం వదిలిన నీళ్లను పట్టి ఉంచుతుంది, కాలవ కట్టేసినప్పుడు ఊరికి ఇస్తుంది. నీళ్లు పుట్టించడం చెరువు పని కాదు.

ఇంతవరకూ బోర్డు మీద సుద్దముక్కతో చెప్పేయొచ్చు. అసలు చిక్కు తరవాతే ఉంది. చక్రాల వేగంతో సంబంధం లేకుండా ఇంజను తనకు నచ్చిన వేగంలో తిరగాలి, అయినా రెండూ ఒకదానికొకటి గేర్లతో బిగించే ఉండాలి. ఇదెలా కుదురుతుంది?

దీనికోసం ఒక మెకానిక్ షెడ్డు నుంచి పాడైపోయిన సెల్ఫ్ మోటారు ఒకటి తెచ్చి క్లాసులో విప్పాను. చాలా కార్ల సెల్ఫ్ మోటార్ల మూతి దగ్గర, గ్రీజు తుడిస్తే, అరచేతిలో పట్టే గేర్ల కూటమి ఒకటి కనిపిస్తుంది. నడుమ చిన్న పళ్లచక్రం, అది సన్ గేరు. దాని చుట్టూ మూడు ప్లానెట్ గేర్లు, ఆ మూడింటినీ పట్టి ఉంచే క్యారియర్. అన్నింటికీ బయట, లోపలివైపు పళ్లున్న రింగ్ గేరు. సూర్యుడు, గ్రహాలు, వాటికో ప్రహరీ. పిల్లలు ఒక్కొక్కరే తిప్పి చూశారు. రింగును బిగబట్టి క్యారియర్‌ను తిప్పితే సన్ గేరు అదే దిక్కులో గిర్రున తిరుగుతుంది. క్యారియర్‌ను బిగబట్టి రింగును ముందుకు తిప్పితే సన్ గేరు వెనక్కి తిరుగుతుంది. మూడింటిలో ఏ ఒక్కదాన్నీ బిగబట్టకపోతే? రెండింటి వేగాలు మన ఇష్టం, మూడోదాని వేగం ఆ రెండింటినిబట్టి తేలుతుంది. మొత్తం కిటుకు ఈ ఒక్క వాక్యంలో ఉంది.

1997 డిసెంబరులో జపాన్‌లో అమ్మకానికొచ్చిన టొయోటా ప్రియస్ ఈ కూటమి మీదే నిలబడింది. దాని రింగుకు 78 పళ్లు, సన్ గేరుకు 30 పళ్లు. ఇంజను క్యారియర్‌కు బిగించారు. సన్ గేరుకు ఒక జనరేటరు తగిలించారు. రింగుకు పెద్ద మోటారూ, దానితోపాటు చక్రాలూ. పళ్ల లెక్క కట్టి చూడండి: క్యారియర్ వేగాన్ని 108తో హెచ్చిస్తే వచ్చేది, రింగు వేగాన్ని 78తో, సన్ వేగాన్ని 30తో హెచ్చించి కలిపితే వచ్చేది ఎప్పుడూ సమానం.

ఇంజనుకు నిమిషానికి 2,000 చుట్లు హాయిగా ఉన్నాయనుకుందాం. కారు మెల్లగా పోతూ రింగు 1,000 చుట్లు తిరుగుతుంటే సన్ గేరు 4,600 తిరుగుతుంది. కారు వేగం అందుకుని రింగు 2,000కు వస్తే సన్ కూడా 2,000కు దిగుతుంది. రింగు 2,500 అయితే సన్ 700కు పడిపోతుంది. కారు వేగం రెండున్నర రెట్లు పెరిగింది, ఇంజను మాత్రం 2,000 దగ్గరే నిలిచి ఉంది. ఒక్క పన్ను కూడా జారలేదు, ఒక్క క్లచ్ కూడా తొక్కలేదు. సన్ గేరు వేగాన్ని కరెంటుతో అదుపు చేయడమే ఇక్కడ గేరు మార్చడం.

వేగాల సంగతి ఇది. ఇక తిప్పే బలం ఎలా పంచుకుంటుందో చూద్దాం. ఇంజను బలంలో 108కి 78 వంతులు, అంటే 72 శాతం, రింగు ద్వారా నేరుగా చక్రాలకు పోతుంది. మిగతా 28 శాతం సన్ గేరు మీదికి వస్తుంది. జనరేటరు ఆ 28 శాతానికి ఎదురు నిలబడి తీరాలి. అది చేతులెత్తేస్తే సన్ గేరు ఊరికే గింగిరాలు తిరుగుతుంది, 72 శాతం కూడా చక్రాలకు అందదు. అలా ఎదురు నిలబడే పనిలో పుట్టిన కరెంటే పెద్ద మోటారుకు వెళ్లి, అదీ చక్రాలనే తోస్తుంది. క్లాసులో అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ పూర్తవుతుంది. పెట్రోలు శక్తి అంతా కరెంటు దారిలో పోవటం లేదు. కారు వేగం అందుకున్నాక పెద్ద వాటా ఇనుప పళ్ల మీదుగా నేరుగా పోతోంది, చిన్న వాటా కరెంటు దారి పట్టి ఇంజనుకు స్వేచ్ఛ కొనిపెడుతోంది.

ఆ స్వేచ్ఛ వల్ల ఇంజను స్వభావాన్నే మార్చేసుకునే వీలు చిక్కింది. జేమ్స్ అట్కిన్సన్ 1880లలో కనిపెట్టిన పద్ధతిలో గాలిని తక్కువ నొక్కి, మండిన వాయువును ఎక్కువసేపు వ్యాకోచింపజేస్తారు. పెట్రోలు ఆదా అవుతుంది గానీ తక్కువ వేగంలో లాగే బలం తగ్గుతుంది. మామూలు కారులో ఇలాంటి ఇంజను పెడితే పులిగడ్డ వంతెన ఎక్కడానికే మూలుగుతుంది. హైబ్రిడ్‌లో ఆ లోటును మోటారు భర్తీ చేస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఇన్‌టేక్ వాల్వును ఆలస్యంగా మూసి నేటి ఇంజన్లలో ఇదే ఫలితం సాధిస్తున్నారు.

ప్రియస్‌లో ఇంకో తమాషా ఉంది. ఇంజను స్టార్ట్ చేయాలంటే సన్ గేరు మీదున్న జనరేటరే మోటారై తిప్పుతుంది. బ్యాటరీ చార్జింగ్‌కు విడిగా ఆల్టర్నేటరూ అక్కర్లేదు. రివర్స్ గేరూ లేదు, పెద్ద మోటారు వెనక్కి తిరిగితే కారు వెనక్కి పోతుంది. పిల్లలకు చూపించడానికి ఏ సెల్ఫ్ మోటారు విప్పానో, ఆ సెల్ఫ్ మోటారే ప్రియస్‌లో లేదు!

ఈ ఆలోచన టొయోటాకు ముందే ఉంది. అమెరికాలో టీఆర్‌డబ్ల్యూ కంపెనీ ఇంజనీర్లు 1971లోనే ఇలాంటి దానికి పేటెంటు పొందారు. కానీ సన్ గేరు వేగాన్ని క్షణక్షణం అదుపు చేసే ఎలక్ట్రానిక్స్ అప్పటికి లేవు. తకేషి ఉచియమదా నాయకత్వంలో టొయోటా బృందం కట్టిన మొదటి నమూనా బండి కూడా 49 రోజులపాటు కదలనే లేదు. కదిలిన రోజు 500 మీటర్లు పోయి ఆగింది. ఆ తరవాత రెండేళ్లకు షోరూములో కారుంది.

పోటీ హోండాది. 1999 చివర్లో, ప్రియస్ ఇంకా అమెరికా చేరకముందే, హోండా ఇన్‌సైట్ అక్కడ దిగింది. దానిలో ఈ గ్రహాల గోల లేదు. ఇంజనుకూ గేర్ బాక్సుకూ మధ్య 6 సెంటీమీటర్ల మందం మోటారు ఇరికించారు, అంతే. తేలికైన అల్యూమినియం ఒళ్లు, ఇద్దరికే సీట్లు. మైలేజీలో ప్రియస్‌ను మించింది. కానీ మోటారు ఇంజనుకే బిగిసి ఉండటంతో ఇంజను తిరగకుండా కారు కదలదు. నలుగురు కూర్చునే కారు కావాల్సిన జనం ప్రియస్ వైపు పోయారు. హోండా చివరికి తన సరళమైన పద్ధతిని వదిలేసి వేరే దారి పట్టింది. ఊళ్లో ఇంజను జనరేటరునే తిప్పుతుంది, చక్రాలను మోటారు తిప్పుతుంది, హైవే మీద మాత్రం ఒక క్లచ్ బిగుసుకుని ఇంజను నేరుగా చక్రాలను పట్టుకుంటుంది. 2022లో మన దగ్గరికి వచ్చిన సిటీ హైబ్రిడ్‌ది ఈ పద్ధతే. హ్యుందాయ్, కియా మూడో దారిలో ఉన్నాయి. మామూలు ఆటోమేటిక్ గేర్ బాక్సును ఉంచి, ఇంజనుకూ దానికీ మధ్య క్లచ్‌తోపాటు మోటారు పెడతారు. క్లచ్ విడిస్తే ఇంజను ఆగి ఉన్నా కారు నడుస్తుంది. 2025 ఏప్రిల్‌లో చూపించిన కొత్త తరంలో ఇంజనుకే అంటుకుని రెండో మోటారు కూడా చేర్చారు.

ఇక మన సంగతి. 2010లో దిగుమతై వచ్చిన ప్రియస్ పాతిక లక్షలు దాటింది, ఎవరూ పట్టించుకోలేదు. గాలి మార్చింది ఇన్నోవా. పెళ్లిళ్లకీ తిరపతి ప్రయాణాలకీ డీజిల్ ఇన్నోవా తప్ప ఇంకోటి ఊహించని చోట, 2022 నవంబరులో టొయోటా ఇన్నోవా హైక్రాస్‌ను చూపించింది. డీజిల్ లేదు, వెనక చక్రాల లాగుడు లేదు, హైబ్రిడ్ రకాల లోపల ప్రియస్ నాటి గ్రహాల గేరే. ఎవరు కొంటారన్నారు. నాలుగైదు నెలలు తిరక్కుండానే, 2023 ఏప్రిల్‌లో, పై రకాల బుకింగులు కంపెనీయే కొన్నాళ్లు ఆపేయాల్సి వచ్చింది. ఎదురుచూపులు అంత పొడుగయ్యాయి.

మరి కొనొచ్చా? లెక్క వేద్దాం. లీటరు పెట్రోలు 110 రూపాయలనుకుందాం. పెట్రోలు కారు 15, హైబ్రిడ్ 22 కిలోమీటర్లు ఇస్తాయనుకుంటే కిలోమీటరుకు 2 రూపాయల 33 పైసలు మిగులు. ధరలో తేడా 2 లక్షలైతే అది తిరిగి రావడానికి సుమారు 86,000 కిలోమీటర్లు పట్టాలి. నెలకు 4,000 తిరిగే ట్యాక్సీకి రెండేళ్లలోపే వస్తుంది. నెలకు 1,000 తిరిగే సొంత కారుకు ఏడేళ్లు. దారి కూడా చూసుకోవాలి. కరకట్ట మీద ఆగుతూ సాగుతూ పోయేవాళ్లకు మిగులు ఎక్కువ. మోపిదేవి నుంచి బందరుకు జాతీయ రహదారి మీద ఒకే వేగంతో పోయేవాళ్లకు తక్కువ, అక్కడ బ్రేకులే పెద్దగా పడవు కదా.

పన్ను సాయం కూడా పెద్దగా లేదు. 2017 నుంచి పెద్ద హైబ్రిడ్‌ల మీద సెస్సుతో కలిపి 43 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 అయింది. ఎలక్ట్రిక్ కారుకు 5 శాతమే. బ్యాటరీ పోతే ఎలా అని భయపడేవాళ్లకు టొయోటా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. చాలా టొయోటా హైబ్రిడ్‌లలో బ్యాటరీని చల్లబరిచే గాలి కారు లోపలినుంచే, వెనక సీటు పక్కనున్న జాలీ గుండా వెళ్తుంది. కోతలయ్యాక మన రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం దుమ్ము లేచే రోజుల్లో ఆ జాలీ మూసుకుపోకుండా, దాని మీద సంచులు పడకుండా చూసుకుంటే చాలు.

నా అంచనా చెబుతాను. దివిసీమలో హైబ్రిడ్‌ను ముందు నిలబెట్టేది ట్యాక్సీవాళ్లే, వాళ్ల లెక్క ఇప్పటికే తేలిపోయింది. సొంత కారు వాళ్లది సెల్టోస్ హైబ్రిడ్ ధర మీద ఆధారపడుతుంది. అదే సైజు పెట్రోలు రకంకన్నా తేడా లక్షన్నర లోపుంటే ఐదున్నరేళ్లకు డబ్బు తిరిగొస్తుంది, కాబట్టి ఆగినవాళ్లు గెలిచినట్టే. తేడా రెండున్నర లక్షలు దాటితే తొమ్మిదేళ్లు పడుతుంది, అప్పుడు పెట్రోలు రకం కొనుక్కుని మిగిలిన డబ్బు బ్యాంకులో వేసుకోవడమే తెలివి.