తలుపు గడియ ఎవరి చేతిలో

పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగువాళ్లని ఈ ప్రాంతం దేనికి ప్రసిద్ధి అని అడిగితే గులాబీ తోటలు, హుడ్ శిఖరం, హిల్స్‌బొరోలో ఇంటెల్ అంటాం. అమెరికాలో వృద్ధుల నివాసాల రూపు మార్చిన పని ఒకటి ఇక్కడే మొదలైందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆ పని తలకెత్తుకున్నది కెరెన్ బ్రౌన్ విల్సన్. పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో డాక్టరేట్ చేసి, అక్కడే వృద్ధాప్య శాస్త్రం పాఠాలు చెప్పిన ప్రొఫెసర్. ఇవాళ ఏ ఊళ్లో చూసినా బోర్డు కనిపించే ‘అసిస్టెడ్ లివింగ్’ పద్ధతికి ఆద్యుల్లో ముందు చెప్పుకోవలసిన పేరు ఆవిడదే. పండగ సంచికలో ఈ విషయం ఎందుకంటే, మనం ఈ దేశానికి వచ్చినప్పుడు కుర్రవాళ్లం. ఇప్పుడు మన అమ్మానాన్నలకి ఎనభైలు నడుస్తున్నాయి. మనలో కొందరం అరవై దాటేశాం.

విల్సన్‌ది బొగ్గుగని కార్మికుడి ఇల్లు. తల్లి పేరు జెస్సీ. కూతురు కాలేజీలో చదువుతుండగా, ఆమెకి 19 ఏళ్లప్పుడు, 55 ఏళ్ల జెస్సీకి పక్షవాతం వచ్చింది. శరీరం ఒక పక్క పడిపోయింది, మాట ముద్దయింది. బుద్ధి మాత్రం నిక్షేపంగా ఉంది. ఇంట్లో పెట్టుకుని చూసుకునే స్తోమత ఎవరికీ లేక నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. కూతురు చూడటానికి వెళ్లినప్పుడల్లా ‘నన్ను ఇక్కణ్ణించి తీసుకుపో’ అనేదట ఆ తల్లి. ఒకసారి మాత్రం వేరే మాట అడిగింది: నాలాంటి వాళ్లకి పనికొచ్చేది నువ్వేదైనా చెయ్యరాదూ అని. విల్సన్ జీవితమంతా ఆ ప్రశ్న వెనకే నడిచింది.

నర్సింగ్ హోమ్ అంటే జెస్సీ ఎందుకంత బెంగపడిందో తెలియాలంటే అవి పుట్టిన తీరు చూడాలి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా ప్రభుత్వం ఊరూరా ఆస్పత్రులు కట్టించింది. రోగం నయం కాక, ఇంటికి పంపలేక, మంచాల మీదే ఉండిపోయిన ముసలివాళ్లతో అవి నిండిపోయాయి. ఆ మంచాలు ఖాళీ చేయించడానికి విడిగా కట్టడాలు కావాలని ఆస్పత్రులు పట్టుబడితే, 1954లో ప్రభుత్వం డబ్బిచ్చింది. 1965లో మెడికేర్, మెడికెయిడ్ వచ్చాక వాటి సంఖ్య ఇంకా పెరిగింది. అంటే అవి ముసలివాళ్లు ఎలా బతకాలనుకుంటున్నారో కనుక్కుని కట్టినవి కావు. అందుకే నడవా మధ్యలో నర్సుల బల్ల, గదికిద్దరు, లేపినప్పుడు లేవడం, పెట్టినప్పుడు తినడం. అక్కడ పనిచేసేవాళ్లలో దయగలవాళ్లు ఎందరో ఉంటారు. కానీ కట్టడమే ఆస్పత్రిదైనప్పుడు లోపలి మనిషి రోగిగానే మిగిలిపోతుంది.

తల్లికి ఎలాంటి చోటు కావాలో విల్సన్ ఊహించుకున్న వివరాలు చదువుతుంటే మన అమ్మల గది కళ్లముందు మెదులుతుంది. చిన్న వంటిల్లు, సొంత బాత్‌రూమ్. ఆమె పిల్లి, సగంలో ఆగిన చేతిపనులు, కాఫీ కాచుకునే గిన్నె, విక్స్ డబ్బా. పాత పత్రికల కట్టలు చెత్త అని ఎవరూ పారేయకూడదు. చూస్తున్న సీరియల్ మధ్యలో ఎవరూ ఆపేయకూడదు. వేడి ఎంత ఉండాలో ఆవిడే తిప్పుకోవాలి. తనకు చేతకాని పనులకి పక్కన మనిషి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, తలుపుకి లోపలినుంచి వేసుకునే గడియ ఉండాలి.

విల్సన్, ఆవిడ భర్త కలిసి 1983లో పోర్ట్‌లాండ్‌లో ‘పార్క్ ప్లేస్’ తెరిచారు. 112 అపార్ట్‌మెంట్లు. ప్రతిదానికీ వంటగది, స్నానాలగది, తాళం వేసుకునే ముందు తలుపు. సామాన్లు ఎవరివి వాళ్లవే. కుక్కనో పిల్లినో తెచ్చుకోవచ్చు. భోజనం, మందులు, స్నానం, బట్టలు మార్చడం వంటివాటికి సాయం ఉంటుంది. నర్సు ఉంటుంది. మీట నొక్కితే అర్ధరాత్రయినా మనిషి వస్తుంది. ఇలా చూస్తే సేవలు నర్సింగ్ హోమ్‌లో దొరికేవే. తేడా ఎక్కడంటే, సాయం చేయడానికి వచ్చిన మనిషి తలుపు తట్టి, రమ్మన్నాక లోపలికి రావాలి. ఇంకొకరి ఇంట్లో అడుగుపెడుతున్నానన్న ఎరుక ఆ సహాయకురాలి మాటని, నడతని మార్చేస్తుంది. విల్సన్ చేసిన పనిలో నన్ను ఎక్కువగా కదిలించినది ఇదే. గౌరవం గురించి శిక్షణ తరగతులు పెట్టే బదులు తలుపుకి గడియ పెట్టారు.

అప్పట్లో దీన్ని ప్రమాదకరమైన ఆలోచన అన్నవాళ్లు తక్కువమంది కాదు. అంత ముసలావిడ గదిలో పొయ్యి ఏమిటి? గడియ వేసుకుని లోపల పడిపోతే ఎలా? మందులు వద్దంటే ఊరుకోవడమేనా? ఆ భయాలు ఉత్తవి కావు. అందుకే ప్రభుత్వం అక్కడున్నవాళ్ల ఆరోగ్యం, జ్ఞాపకశక్తి, తృప్తి ఎప్పటికప్పుడు కొలిచి చూడాలంది. ఫలితాలు 1988లో బయటికొచ్చాయి. స్వేచ్ఛ ఇచ్చినందుకు ఆరోగ్యం దెబ్బతినలేదు. తృప్తి పెరిగింది, దిగులు తగ్గింది, ఒంటి సత్తువ, బుద్ధి చురుకుదనం కూడా మెరుగుపడ్డాయి. ప్రభుత్వ సాయంతో ఉన్నవాళ్లకయ్యే ఖర్చు నర్సింగ్ హోమ్‌తో పోలిస్తే 20 శాతం తక్కువని తేలింది. ఇందులో ఒరెగాన్ రాష్ట్రానికి దక్కవలసిన మెప్పు దక్కాలి. మెడికెయిడ్ డబ్బుని నర్సింగ్ హోమ్‌కే కాకుండా ఇంటిదగ్గరి సేవలకీ ఖర్చుపెట్టడానికి కేంద్రం నుంచి దేశంలో అందరికంటే ముందు, 1981లోనే, అనుమతి తెచ్చుకున్నది ఈ రాష్ట్రమే. అసిస్టెడ్ లివింగ్ అన్నాక విడి అపార్ట్‌మెంటు, తాళం పడే తలుపు ఉండాల్సిందేనని ఇక్కడి నిబంధనలే చెబుతాయి.

తర్వాతి కథ అంత సంతోషంగా లేదు. విల్సన్ దంపతుల సంస్థ షేర్ మార్కెట్‌కి వెళ్లింది, ఎన్నో రాష్ట్రాలకి విస్తరించింది. ‘అసిస్టెడ్ లివింగ్’ అన్న పేరు లాభసాటి అని తెలిశాక దేశమంతా ఎవరికి వాళ్లు వాడుకున్నారు. పేరు మిగిలింది, చాలాచోట్ల గడియ పోయింది, వంటిల్లు పోయింది. కొంచెం ఒళ్లు బాగాలేకపోతే నర్సింగ్ హోమ్‌కి పంపేసే మధ్య మజిలీలుగా తయారయ్యాయి. ఎందుకిలా అయిందో విల్సన్ చూసి చెప్పిన కారణం మనకి సూటిగా తగులుతుంది. చోటు ఎంచేది పిల్లలు, అందులోనూ ఎక్కువగా కూతుళ్లు, కోడళ్లు. కాబట్టి కట్టేవాళ్లు వాళ్ల కంటికి నచ్చేలా కడతారు. మెరిసే ముందు హాలు, కంప్యూటర్ గది, కచేరీలకి తీసుకెళ్లే బస్సు. అమ్మ ఇక్కడ భద్రంగా ఉంటుందా అని పిల్లలు అడుగుతారు. ఒంటరిగా ఉంటుందా అని అడిగేవాళ్లు అరుదు.

ఇక మనం వదిలి వచ్చిన వైపు చూద్దాం. భారతదేశంలో 2011 జనాభా లెక్కలనాటికే 60 దాటినవాళ్లు 10 కోట్ల పైమాట. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం తిండి, బట్ట, నివాసం, వైద్యం పిల్లల బాధ్యత అంది. ప్రతి జిల్లాలో నిరుపేద వృద్ధులు 150 మందికి సరిపడే ఆశ్రమం గురించి కూడా చెప్పింది. డబ్బున్న కుటుంబాల కోసం ‘సీనియర్ లివింగ్’ కాలనీలు మొదట కోయంబత్తూరు వైపు ఎక్కువగా వచ్చాయి, ఇప్పుడు హైదరాబాద్ చుట్టూ వస్తున్నాయి. వాటి ప్రకటనలు ఎక్కువగా మనల్ని ఉద్దేశించినవే. ఆస్పత్రి ఎంత దూరం, గేటు దగ్గర కాపలా, కెమెరాలెన్ని, అంబులెన్స్ ఉందా. గుంటూరులోనో విజయవాడలోనో సొంతింట్లో ఉన్నవాళ్ల హాల్లో కూడా మనం కెమెరా పెట్టించి ఇక్కడ ఫోన్లో చూసుకుంటున్నాం. ప్రేమతోనే పెట్టాం. కానీ పెట్టేముందు వాళ్లని అడగాలి. వద్దంటే తీసేయాలి. సోఫాలో కూర్చుని చీర కుచ్చిళ్లు సర్దుకునే హక్కు ఎనభై ఏళ్లకీ ఉంటుంది.

అమ్మానాన్నల్ని ఇక్కడికి తెచ్చుకున్నవాళ్ల సంగతి ఇంకో రకం. గ్రీన్‌కార్డ్ వచ్చినా, మెడికేర్ కొనుక్కోవాలంటే 5 ఏళ్లు వరసగా ఇక్కడ ఉండాలి. అసిస్టెడ్ లివింగ్ అద్దె, రోజువారీ సేవల ఖర్చు మెడికేర్ భరించదు కూడా. డబ్బు సర్దుకున్నా తిండి, భాష అడ్డొస్తాయి. మతిమరపు జబ్బు ముదిరితే కొందరిలో వెనక నేర్చుకున్న ఇంగ్లీషు ముందు జారిపోతుంది. పొద్దున్నే స్నానం చేసి దీపం పెట్టకుండా కాఫీ తాగని అమ్మకి, గదిలో మంట ముట్టించకూడదన్న నియమం మొదటిరోజే ఎదురవుతుంది. చోటు చూడటానికి వెళ్లినప్పుడు ఇలాంటివే అడగాలి. బ్యాటరీ దీపానికి ఆవిడ ఒప్పుకుంటుందా? తెల్లవారుజామున అయిదింటికి కాఫీ తనే కలుపుకోవచ్చా? స్నానం ఎప్పుడో ఎవరు చెబుతారు? పోపు వాసన వస్తే పక్కగదివాళ్లు ఫిర్యాదు చేస్తారా? ఆవిడని వెంట తీసుకెళ్లి, ఆవిడ చేతనే అడిగించడం ఇంకా మంచిది.

విల్సన్ ఆ వ్యాపారం నుంచి తప్పుకుని, తల్లి పేరు మీద జెస్సీ ఎఫ్. రిచర్డ్‌సన్ ఫౌండేషన్ నడిపారు. నికరాగ్వాలో ఆసరాలేని వృద్ధుల కోసం పనిచేస్తూ, పోర్ట్‌లాండ్ స్టేట్ విద్యార్థుల్ని అక్కడికి తీసుకెళ్లి, వాళ్ల చేత పనిచేయించి నేర్పారు. పేదదేశంలో ఖరీదైన భవనాలు కుదరవు కాబట్టి, ఉన్న ఆశ్రమాల్ని, ఉన్న ఊళ్లని పట్టుకునే పని జరగాలి. మన ఊళ్లకి నమూనా కావాలంటే అమెరికా భవనాల కన్నా ఈ పద్ధతి దగ్గరగా ఉంటుందని నా నమ్మకం.

మన సంఘానికి ఒక మనవి. ఇంతవరకు పెద్దల కోసం మనం చేసిన కార్యక్రమాలు సన్మానం, శాలువా, ఒకపూట భోజనం. ఈ ఏడాది నుంచి హిల్స్‌బొరో, బీవర్టన్ ఇళ్లల్లో ఉన్న మన పెద్దవాళ్లందరినీ ఒక్కొక్కరిగా, తెలుగులో, పిల్లలు పక్కన లేకుండా అడుగుదాం. రోజు ఎలా గడుస్తోంది, ఎక్కడికి వెళ్లాలనిపిస్తోంది, ఒంట్లో శక్తి తగ్గాక ఎక్కడ, ఎవరితో ఉండాలనుంది, వెనక్కి వెళ్లిపోవాలనుందా. కారు నడపలేనివాళ్లే ఎక్కువ కాబట్టి మనమే వాళ్ల దగ్గరికి వెళ్లాలి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుని, అందులోంచి రెండు మూడు పనులు వచ్చే ఉగాదిలోపు మొదలుపెడదాం. ఇళ్లకి వెళ్లగలిగినవాళ్లు కార్యవర్గానికి పేరు ఇవ్వండి. శనివారాలు నేను వస్తాను.