బరువు దించుకున్న కారు

1972 అక్టోబరులో పారిస్ మోటార్ షోలో పోర్షే కంపెనీ 911 కరేరా ఆర్‌ఎస్ 2.7ను జనం ముందు నిలిపింది. కారును పందేల్లో దింపాలంటే అదే రకానివి 500 తయారుచేయాలన్నది నాటి నిబంధన. నవంబరు చివరికే ఆ 500 అమ్ముడుపోయాయి. మరుసటి జులైకి లెక్క 1,580కి చేరింది.

ఇంజిన్ శక్తి 210 హార్స్‌పవర్. అయినా ఈ కారు గొప్పదనం అందులోంచి తీసేసిన వాటిలోనే ఉందంటాను. రేకు, అద్దాలు పలచబడ్డాయి. వెనక సీట్లు, గడియారం పోయాయి. చప్పుడు ఆపే మెత్తలూ పోయాయి. ఇంజిన్ వెనకే ఉంటుంది కాబట్టి దాని హోరంతా డ్రైవరు వీపు వెనకే.

అప్పట్లో కారు ధర 34,000 జర్మన్ మార్కులు. పాత సౌకర్యాలు తిరిగి కావాలంటే మరో 2,500 కట్టాల్సి వచ్చేది. అలా కట్టి 'టూరింగ్' రకం తీసుకున్నవారు 1,308 మంది. తేలికైన 'స్పోర్ట్' కొన్నవారు 200 మందే. మొదటిది 1,075 కిలోలు, రెండోది 975. ఇంజిన్ ఒకటే. గంటకు నూరు కిలోమీటర్ల వేగం అందుకోవడానికి టూరింగ్‌కు 6.3 సెకన్లు పడితే స్పోర్ట్‌కు 5.8 చాలు. బరువు చేసే పనిని ఇంత స్పష్టంగా చూపిన ప్రయోగం అరుదు.

ఆ నూరు కిలోల్లో మెత్తల వాటా కొంతే. కానీ నిశ్శబ్దానికి బరువు తప్పదు. మెత్తలోని స్పంజి సన్నటి రంధ్రాల్లో గాలి ఊగుతూ గోడలకు రాసుకుంటుంది, ధ్వని వేడిగా మారుతుంది. కీచు శబ్దాలకు అది సరిపోతుంది. సెకనుకు నూరుసార్లు కంపించే బొంగురు మోత అలా లొంగదు, దాని తరంగం పొడవే మూడు మీటర్ల పైచిలుకు. దాన్ని ఆపాలంటే రేకుకు బరువైన తారు పలకలు అంటించాలి. అడ్డుగోడ బరువు రెట్టింపు చేస్తే దక్కేది సుమారు 6 డెసిబెల్స్.

ఇప్పటి వేగపు కార్ల యజమానులు కొందరు బానెట్ కింది మెత్త పీకేస్తే ఇంజిన్ చల్లబడుతుందనుకుంటారు. నడిచే ఇంజిన్ వేడిని మోసుకుపోయేది రేడియేటరు, దాని గుండా వీచే గాలి. మెత్త ముఖ్యంగా బానెట్ రంగును సెగనుంచి కాపాడుతుంది, చప్పుడు తగ్గిస్తుంది. తీసేస్తే దిగే బరువు కిలో, రెండు కిలోలు. రోడ్డుమీద తిరిగే కారుకు దాన్ని ఉంచుకోవడమే మేలు.

పాత 911ల సంగతి వేరు. వాటి ఇంజిన్‌కు నీళ్లు లేవు, చల్లబరిచేది పెద్ద ఫ్యానే. ఏళ్లు గడిచేకొద్దీ వేడికి ఇంజిన్ మూత కింది స్పంజి పొడిబారి, పెళ్లలుగా ఊడి ఫ్యాన్‌లోకి పోతుంది, గాలిదారి మూసుకుపోతుంది. నూనె పీల్చుకున్న స్పంజి అయితే మంటకూ భయమే. అలా శిథిలమైనదాన్ని వెంటనే తీసి, మిగిలిన జిగురు కూడా గీకేసి, కొత్తది గట్టిగా బిగించాలి.