ముత్తాత ఊరేది... వెతికి చెప్పేవాళ్లు కావాలి!

తాత పేరు అడిగితే ఠక్కున చెప్పేస్తాం. ముత్తాత పేరు? కాస్త ఆలోచిస్తాం. ఆయన తండ్రి పేరు మాత్రం చాలా ఇళ్లలో ఎవరికీ తెలియదు. ఆ ఖాళీలను పూరించడం కొన్ని దేశాల్లో మంచి ఉపాధి. 2004లో బీబీసీ ‘హూ డు యు థింక్ యు ఆర్?’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఓ ప్రముఖుడిని పూర్వీకుల ఊళ్లకు తీసుకెళ్లడం, పాత రికార్డులు తిరగేయించడం... అంతే! అది హిట్టయి ఎన్నో దేశాలకు పాకింది. తెరమీద కనిపించేది గంటసేపే. దానికోసం ముందునుంచీ దస్త్రాలు వెతికే పరిశోధకులూ, దాన్ని కథగా మలిచే రచయితలూ వేరే ఉంటారు.

నిజానికి తెలుగు పల్లెలకు ఈ విద్య కొత్త కాదు. ఏటా ఇంటిముందుకొచ్చి గోత్రం, ఇంటిపేరు, తరాల వరస పాడి వినిపించి, ధాన్యమో బట్టలో పుచ్చుకునే పిచ్చుకుంట్లవాళ్లు చేసింది ఇదే. ప్రభుత్వ జాబితాలో వాళ్లకు ‘వంశరాజ్’ అన్న పేరూ ఉంది. ‘ఏడు తరాలు’గా సహవాసి తెలుగులోకి తెచ్చిన అలెక్స్ హేలీ ‘రూట్స్’లోనూ అలాంటి గాయకుడే కీలకం. గాంబియాలోని జుఫురే గ్రామంలో ఆయన చెప్పిన వంశగాథలోనే హేలీకి కుంటా కింటే దొరికాడు. 1977లో అది టీవీ సీరియల్‌గా వచ్చి అమెరికాను ఊపేసింది. అదే ఏడాది లండన్ సండే టైమ్స్ విలేకరి ఒకరు ఆ ఊరెళ్లి ఆరా తీశారు. గాయకుడు హేలీ వినాలనుకున్నదే చెప్పి ఉండొచ్చని రాశారు. అందుకే నోటిమాటను కాగితంతో సరిచూసేవాళ్లకు అంత విలువ!

ఏ జిల్లాలో వెతకాలి?

మార్కాపురం, గిద్దలూరు పిల్లలకు ఇక్కడే ఓ అనుకూలత ఉంది. ఈ ప్రాంతం కాగితాలు ఒకచోట ఉండవు. 1858 దాకా కంభం, మార్కాపురం తాలూకాలు కడపలో ఉండేవి. ఆ తర్వాత కర్నూలుకు మారాయి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులో కలిశాయి. 1972లో దానికే ప్రకాశం పేరు పెట్టారు. ముత్తాత భూమి లెక్క కోసం ఒంగోలులో ఎంత వెతికినా, అసలు దస్త్రం కర్నూలు పేరుమీదే ఉండొచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంనాటివైతే చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌లోనూ చూడాలి. ఊరి చరిత్ర రాసిన మెకంజీ కైఫియత్తులు కూడా ఆ నగరంలోనే, ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి.

మరో చిక్కు చూడండి. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలీలుగా వెళ్లినవాళ్ల ఓడ జాబితాల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా రాసేవారు. వాళ్ల మునిమనవళ్లు ఇప్పుడు ఆ కాగితం పట్టుకుని సొంతూరు వెతుక్కుంటున్నారు. అందులో ‘కంభం’ అని ఉందనుకోండి. గుండ్లకమ్మ మీద పెద్దచెరువున్న మన కంభమా, తమిళనాడులో తేని దగ్గరి కంబమా? ఇంగ్లిషులో రెండూ ఒకేలా రాస్తారు. పక్కన కడపో కర్నూలో ఉంటే మనది, మదురై ఉంటే వాళ్లది. ఈ తేడా పసిగట్టాలంటే డిగ్రీకన్నా ఊళ్ల పరిచయం ముఖ్యం.

పట్టా కాగితాల్లో అందరి పేర్లూ ఉండవు. భూమిలేని దళిత కుటుంబాల్లో చాలామందికి చర్చి రిజిస్టరే తొలి ఆధారం కావచ్చు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అలాంటి రిజిస్టర్లు చదవడమూ ఈ పనిలో భాగమే.

దీనికి నెల జీతంతో నోటిఫికేషన్ వస్తుందని మాత్రం ఎదురుచూడొద్దు. టీవీలో రీసెర్చ్ అసిస్టెంట్‌గా, స్క్రిప్టు రచయితగా చేరి అనుభవం సంపాదించాలి. విదేశాల్లోని కుటుంబాలకు వంశచరిత్ర రాసివ్వడం మరో దారి. అయితే, డబ్బిచ్చేవాళ్లు తమ వంశంలో ఓ జమీందారు దొరకాలనే కోరుకుంటారు. వెట్టిచాకిరీ చేసిన తాత దొరికినా ఉన్నదున్నట్టు రాసే ధైర్యం ఉంటేనే ఈ పనిలోకి రండి.

సాధన ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. పండక్కి ఊరెళ్లినప్పుడు జేజినో అవ్వనో కూర్చోబెట్టి సెల్‌ఫోన్‌లో రికార్డు చేయండి. పేర్లొక్కటే అడిగితే గుర్తురావు. ఏ కరవులో ఎక్కడికి వలసెళ్లారు, ఏ పొలం ఎవరికి అమ్మారు, ఆడపిల్లల్ని ఏ ఊరికిచ్చారు అని అడగండి. పాత ఫొటోల వెనక అందులో ఉన్నవాళ్ల పేర్లు పెన్సిల్‌తో రాయండి. పెన్నయితే సిరా ముందువైపుకి దిగుతుంది.